బెల్లం అచ్చు కోసం వంగిన చెక్క

కోస్తే ఏ వస్తువైనా బలహీనపడుతుందని నేను చాలా ఏళ్లు నమ్మాను. బట్టైనా, ఆకైనా, చెక్కైనా అంతే అనుకున్నాను. కోసినందువల్లనే ఒక వస్తువుకు లేని గుణం వస్తుందని నాకు తెలిసింది నిజామాబాద్‌లో ఒక చిన్న లేజర్ కటింగ్ దుకాణంలో. అప్పటికి నా జుట్టు సగం తెల్లబడింది. ఈ వయసులో ఇదంతా ఎందుకులే అనిపించలేదు. ఇంత వింత చూపించావు స్వామీ అని మనసులోనే దండం పెట్టుకున్నాను. ఇప్పుడు కళ్లు సరిగా ఆనక పని మానేశాను. మీలో ఇలాంటి మిషన్ల దగ్గర పనికి కుదిరినవాళ్లు ఉంటే, వాళ్ల కోసం ఆ ఒక్క పని సంగతి రాస్తున్నాను.

నేను బడికి పోలేదు. మా ఇంట్లో అందరం బీడీలు చుట్టేవాళ్లం. నా ఒళ్లో చాట ఉండేది, మా బాపు ఒళ్లో భజన పుస్తకం ఉండేది. ఆయన ఒక అక్షరం మీద వేలు పెట్టేవాడు, నేను ఆకు చుడుతూనే తల ఎత్తి చూసి దాని పేరు చెప్పేదాన్ని. అలా వచ్చిన చదువే నాది. రాసేటప్పుడు ఎక్కడైనా తప్పు దొర్లితే ఆ తప్పు నాది, వచ్చినంత మట్టుకు మా బాపు పుణ్యం.

బీడీ పని తగ్గాక, మా గల్లీలోనే ఉండే ఒకామె నన్ను ఈ దుకాణంలో చేర్పించింది. ఆమె నాకన్నా పెద్దది, నేను అక్క అనేదాన్ని. పెళ్లిళ్లకు పేర్ల పలకలు, పూజ మందిరాలకు జాలీలు, బోర్డులకు అక్షరాలు అక్కడ కోసేవాళ్లు. మిషన్ కోసిన పలకలోంచి చిన్న చిన్న ముక్కలు ఏరడం, అంచులకు పట్టిన మసి తుడవడం, గరుకు కాగితంతో రుద్దడం మా ఇద్దరి పని. దుకాణం నడిపే అతను మా కొడుకుల వయసువాడు. గిరాకీ ముందు అతన్ని సేటు అనేవాళ్లం, గిరాకీ పోగానే తమ్మీ అనేవాళ్లం. అతను నన్ను అక్క అనేవాడు, మా అక్కను మాత్రం అవ్వ అనేవాడు. ఆమెకు అది అస్సలు నచ్చేది కాదు.

"గీమె అక్క, నేను అవ్వనా? మా ఇద్దరి నడుమ ఎన్నేండ్ల తేడా ఉన్నదిరా?"

"గదేం లేదవ్వా, నువ్వంటే ఇజ్జత్ ఎక్కువ."

"నీ ఇజ్జత్ పాడుగాను, గా మసిగుడ్డ ఇటియ్యి."

ఇదీ మా దుకాణం. పొద్దున అతను మిషన్‌కు ఊదుబత్తి చూపించేవాడు, నేను దాని మూత అంచును తాకి కళ్లకద్దుకునేదాన్ని. అన్నం పెట్టే వస్తువుకు దండం పెట్టడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

చలికాలంలో ఒక మధ్యాహ్నం ఒకామె వచ్చింది. యాభై ఏళ్లు ఉంటాయేమో. చేతిలో తువ్వాలు మూట. మాట వినగానే బోధన్ అవతలి క్యాంపుల మనిషని తెలిసింది. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు చేసుకుంటున్నవాళ్ల ఊళ్లను మేము క్యాంపులంటాం.

"చెక్కని ఎలా కావాలంటే అలా కోస్తారని చెప్పారండీ. గుండ్రంగా వంచుతారా?"

"కోస్తమమ్మా. వంచుడంటే వడ్ల వాళ్ల పని," అన్నాడు మా సేటు.

"వడ్రంగి దగ్గర్నుంచే వస్తున్నానండీ. ఆయనే మీ దగ్గరికి వెళ్లమన్నాడు."

"మంచిగున్నది," అంది మా అక్క తల ఎత్తకుండా. "ఆయన గిటు పంపిండు, మనం గటు పంపుదాం. పాపం ఆమె బస్సులనే ఉంటది."

వచ్చినామె కూడా నవ్వింది. నవ్వుతూనే మూట విప్పింది. లోపల చిన్న బెల్లం దిమ్మ. రంగు చూస్తే నోరూరేలా ఉంది. కానీ అంచులు నాలుగు చోట్ల చిట్లిపోయాయి.

ఆమె చెప్పింది విన్నాక పని సంగతి పక్కకు పోయి మనిషి సంగతి మాకు పట్టుకుంది. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక వాళ్ల క్యాంపులో ఒక్కొక్కరే చెరకు తీసేసి వరికి మారారట. బెల్లం వండే పెనం ఆ చుట్టుపక్కల వాళ్లదొక్కటే మిగిలింది. ఈసారి చెరకు కోత కాగానే దుబ్బులు దున్నేయించి నాట్లు వేద్దామని ఆమె భర్త అంటున్నాడు. దుబ్బులు ఉంచితే వాటి నుంచే మళ్లీ చెరకు వస్తుంది, దున్నేస్తే అంతటితో సరి. హైదరాబాద్‌లో ఒక దుకాణం వాళ్లు, గృహప్రవేశాలకూ పేరంటాలకూ ఇచ్చుకునేలా చిన్న గుండ్రటి దిమ్మలు చేయగలిగితే వచ్చే సీజనంతా తీసుకుంటామన్నారట. అయితే అంచు చిట్లకూడదు.

"డబ్బాలో పోస్తే ఊడి రాదండీ. బోర్లించి కొడితే ఇదిగో ఇలా విరుగుతుంది. చెక్క అచ్చయితే మేకులు తీసి విప్పొచ్చు గానీ అది పలకలుగా ఉంటుంది, గుండ్రంగా రాదు. గుండ్రంగా చుట్టుకుని, మళ్లీ విప్పితే తెరుచుకునే చెక్క కావాలి నాకు."

"చెక్క చుట్టుకుంటదా అమ్మా?" అన్నాను నేను. ఆమె నా వైపు చూసి, "అదే కదక్కా నేనూ అడుగుతున్నాను," అంది.

మర్నాడు మా తమ్మి ఫోన్ పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చాడు.

"అక్కా, సూడు. దీన్ని లివింగ్ హింజ్ అంటరంట. మడత బందు ఏం పెట్టకుండ, పలకనే బందు లెక్క అయితది."

ఫోన్‌లో ఎవరిదో చేయి. ఆ చేతిలో చెక్క పలక. దాని నిండా సన్నటి చీలికలు. ఆ చేయి పలకను కాగితంలా చుట్టేసింది. నేను మళ్లీ చూపించమన్నాను. మళ్లీ చూసినా నమ్మకం కలగలేదు.

తమ్మి కంప్యూటర్‌లో గీత గీశాడు. గోడకు ఇటుకలు పేర్చినట్టు ఉంది అది. ఒక వరుసలో పొడుగు కోతలు, కోతకూ కోతకూ మధ్య కొంచెం కోయని చెక్క. కింది వరుసలో ఆ కోయని చోటు పై కోత నడుముకు వచ్చేలా జరిపాడు. దుకాణంలో పడి ఉన్న ఎండీఎఫ్ పలక తీసి మిషన్ మీద పెట్టాడు. చెక్క పొట్టును జిగురుతో నొక్కి చేసే పలక అది, పేర్ల బోర్డులన్నీ దానితోనే చేసేవాళ్లం. కోత అయ్యాక అతను రెండు చేతులతో మెల్లగా వంచాడు. కొంచెం వంగింది. ఇంకొంచెం వంగింది. టప్పుమని రెండు ముక్కలైంది.

అప్పుడు మేము చేసిన పని ఈ ఊళ్లో పుట్టినవాళ్లు తప్ప ఇంకెవరూ చేసి ఉండరు.

"నీళ్లు సల్లకుండ సుడ్తే పగలదా మరి?" అంది మా అక్క. "ఎండిన ఆకు ఎవలన్న గట్లనే సుడ్తరా? నీళ్లు సల్లి, తడి గోనెల సుట్టి పెట్టు. తెల్లారేసరికి మెత్తగైతది."

నాకు ఆ మాట వెయ్యి పాళ్లు నిజమనిపించింది. తమ్మికీ అనిపించింది. వాళ్లమ్మ కూడా బీడీలు చుట్టే అతన్ని పెంచింది. బీడీ ఆకును సాయంత్రం తడిపి గోనెలో చుట్టి పెట్టడం మా ముగ్గురి చేతులకూ పుట్టుకతో వచ్చిన పనిలాంటిది. ఇంకో పలక కోశాం. భక్తిగా నీళ్లు చల్లాం. గోనె తడిపి, ఆకు కట్టను చుట్టినట్టే చుట్టి, మీద బరువు పెట్టి ఇళ్లకు పోయాం.

పొద్దున గోనె విప్పితే పలక టీలో మునిగిన రస్కులా ఉంది. ఉబ్బి, పొరలు లేచి, కోసిన చీలికలన్నీ పూడిపోయాయి. పట్టుకుంటే చేతిలోకి పిండిలా వచ్చింది.

మా అక్క ఆ పిండిని వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఆకైతే గిట్ల సెయ్యకపోవు," అంది అక్క నింద మోపినట్టు.

"ఆకు కాదవ్వా ఇది, పొట్టు."

"మళ్ల అవ్వ అంటివి."

నవ్వాపుకోలేక నేను బయటికొచ్చాను. కానీ ఆ రోజంతా నా తలలో అదే తిరిగింది. ఆకు ఎందుకు మెత్తబడుతుంది, పలక ఎందుకు చెడిపోతుంది? ఆకులో ఈనెలున్నాయి, అవి ఒక వైపుకు పరుచుకుని దాన్ని పట్టి ఉంచుతాయి. పొట్టుకు ఏ వైపూ లేదు, పట్టి ఉంచేది జిగురొక్కటే. నీళ్లతో అది కాస్తా వదులైంది. ఇది పెద్ద శాస్త్రమేమీ కాదు, మీకు తెలిసే ఉంటుంది. నాకు మాత్రం ఆ రోజు ఎవరో కొత్త అక్షరం మీద వేలు పెట్టి చూపించినట్టయింది.

తమ్మి పలచని ప్లైవుడ్ తెచ్చాడు. నీళ్లకు తట్టుకునే రకం, ఎందుకంటే బెల్లం అచ్చులో తడిగుడ్డ పరుస్తారని ఆమె ముందే చెప్పింది. కోశాడు. వంచితే ఈసారి ఒకేసారి విరగలేదు. చీలికల మధ్య ఉన్న సన్నటి పుల్లలు ఒకదాని తర్వాత ఒకటి పుటుక్కు పుటుక్కుమన్నాయి.

విరిగిన పుల్లలను పారేయకుండా నేల మీద వరసగా పరిచాం. పనికి రానిదాన్ని చూడాలనిపించడం కూడా దేవుడిచ్చేదే అని నా నమ్మకం. నేనూ తమ్మీ వంగి చూస్తున్నాం. పుల్ల పొడుగు ఇటు ఉంది, చెక్క మీది నార గీతలు అటు అడ్డంగా ఉన్నాయి. నేను ఒక పుల్లను తిప్పి పట్టుకునేసరికి అతనూ అదే పని చేస్తున్నాడు.

"అడ్డం పెట్టినమక్కా."

"నిలువుకు తిప్పు తమ్మీ."

పలకను తిప్పి పెట్టాడు. పై పొర నార, కోత పొడుగు రెండూ ఒకే దారిలోకి వచ్చాయి. మిషన్ లోపల ఎర్రటి చుక్క నడుస్తుంటే మేము ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. కోత అయ్యాక అతను వంచలేదు. పలకను తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. "నువ్వే సూడక్కా," అన్నాడు.

వంచాను. అది వంగింది. ఇంకా వంచాను. రెండు కొసలూ దగ్గరికొచ్చి ఒకదాన్నొకటి తాకాయి. వదిలితే మెల్లగా తెరుచుకుని మళ్లీ పలక అయింది.

ఆ మధ్యాహ్నం నేను అన్నం గిన్నె పక్కన పెట్టుకుని దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఎక్కడ వంగుతోంది ఇది? ఏ పుల్లను చూసినా నిటారుగానే ఉంది. వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే అప్పుడు తెలిసింది. ఏ పుల్లా వంగడం లేదు. ఒక్కోటీ కంటికి ఆననంత కొంచెం మెలి తిరుగుతోంది. ఆ చిటికెడు చిటికెడు మెలికలన్నీ కలిసి అంత పెద్ద వంపు అవుతున్నాయి. ఏ ఒక్కదాని మీదా భారమంతా పడటం లేదు కాబట్టి ఏదీ విరగడం లేదు. మనుషులు కూడా ఇలా ఉంటే ఎంత బాగుండు అని మీకు నీతి చెప్పబోను. ఆ క్షణంలో నాకు మనుషులు గుర్తు రాలేదు. చెక్కే కనిపించింది, చెక్కను అలా పుట్టించినవాడు గుర్తొచ్చాడు.

ఇక నా పని మొదలైంది. లేజర్ అంటే కాల్చి కోయడమే. కోసిన ప్రతి అంచుకూ మసి, మసికి కాలిన వాసన. పేర్ల బోర్డుకైతే ఫర్వాలేదు. ఇది బెల్లం, రేపు ఎవరో ఒకరు దేవుడి ముందు పెడతారు. తడిగుడ్డను సన్నగా మెలిపెట్టి ఒక్కో చీలికలో నడిపించాను. ఎండలో పెట్టాను. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. మళ్లీ తుడిచాను.

"ఏందే, చెక్కకు ముద్దులు పెడ్తున్నవా?" అంది అక్క.

"వాసన పోయిందో లేదో సూస్తున్న."

"ఇయ్యి, నేన్ సూస్త." ఆమె కూడా వాసన చూసి, ఇంకో గుడ్డ తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. అలా అచ్చుగా చుట్టడానికి రెండు చెక్క బద్దలు తయారయ్యాయి.

అంతలో బెల్లం ఆమె ఫోన్ చేసింది. "ఆయన ట్రాక్టర్‌కి చెప్పేశారండీ. ఎల్లుండి పొద్దున్నే వస్తుందట. రేపు ఆఖరి పాకం. మీదింకా కాలేదా?"

"అయిందమ్మా, రేపు మేమే తెస్తం," అన్నాడు మా తమ్మి. దుకాణానికి తాళం వేసి, మర్నాడు ముగ్గురం బోధన్ బస్సెక్కాం.

వాళ్ల పాకలో పెనం కింద చెరకు పిప్పి మండుతోంది. పాకం వాసన రోడ్డు దాకా వస్తోంది. చేల్లో మడులన్నీ కోసేసి ఉన్నాయి, దుబ్బుల్లోంచి అక్కడక్కడా పచ్చటి పిలక తొంగి చూస్తోంది. ఆమె భర్త ఒక చెరకు మోపు మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి మర్యాదగానే లేచాడు, మంచినీళ్లు ఇప్పించాడు, మళ్లీ కూర్చున్నాడు.

"లేజరంటే కళ్ల డాక్టరు దగ్గర ఉంటుందే, అదేనా?"

"అదే కాకా. గిది చెక్కకు."

"మా ఆవిడకి కూడా ఓసారి చూపించండి. వరి కళ్ల ముందే ఉన్నా ఆవిడకి కనిపించదు."

"నాకు అన్నీ కనిపిస్తున్నాయిలెండి," అంది ఆమె పాకం కలుపుతూనే.

పాకం చిక్కబడింది. ఆమె గుడ్డ తడిపి పిండింది. మేము బద్దను గుండ్రంగా చుట్టి పైన ఒకటి, కింద ఒకటి పురికొస ముడులు వేసి, లోపల గుడ్డ పరిచాం. ఆమె గరిటెతో పోసింది. మొదట బాగానే ఉంది. సగం నిండేసరికి బద్ద నడుము మెల్లగా బయటికి రాసాగింది. బరువుకు చీలికలు తెరుచుకున్నాయి. వంగడానికి చేసిన కోతలే సాగడానికీ దారి ఇస్తాయని మాకు తట్టలేదు. కొద్దిసేపట్లో గుండ్రటి అచ్చు కాస్తా కుండ బొజ్జలా తయారైంది.

"గుమ్మడికాయ అయింది గదా," అంది మా అక్క. ఎప్పుడూ నవ్వు తెప్పించే గొంతే, అప్పుడు ఎవరూ నవ్వలేదు.

బెల్లం ఆమె ఏడవలేదు. శుభ్రంగా ఉన్న గరిటెను మళ్లీ కడగడం మొదలుపెట్టింది. మా తమ్మి ముఖం వాడిపోయింది. ఇంకో బద్ద ఉంది, పెనంలో ఇంకో అచ్చుకు సరిపడా పాకం ఉంది, కానీ అది గట్టిపడుతోంది. ఏం చేయాలో తోచక నేను స్వామి పేరు తలుచుకుంటూ ఆ బొజ్జ వైపే చూస్తున్నాను.

మోపు మీద కూర్చున్నాయన లేచాడు. దగ్గరికొచ్చి, ఉబ్బిన చోట వేలితో నొక్కి చూశాడు. తీశాడు, మళ్లీ నొక్కాడు. ఏ పుల్ల ఎటు కదులుతోందో వంగి చూశాడు. అచ్చం నేను దుకాణంలో చూసినట్టే చూశాడు.

"చెరకు మోపుకి కొసల్లో కట్టి వదిలేస్తే ఇదే అవుతుంది. నడుముకి కట్టాలి," అన్నాడు.

చెరకు మొవ్వాకులు నాలుగు తెంపి, కాలి బొటనవేలి కింద తొక్కిపెట్టి రెండు చేతులతో మెలితిప్పాడు. చూస్తుండగానే పచ్చటి తాడు అయింది. చేలో మోపులు కట్టడానికి వాళ్లు వాడేది అదే. రెండో బద్ద మేము చుట్టి పట్టుకుంటే, ఆయన ఆ ఆకు తాడును కింద, నడుమున, పైన బిగించి కొసలను లోపలికి దోపాడు.

"ఊఁ, పాకం పొయ్యి," అన్నాడు భార్యతో. "చూస్తావేంటి, గట్టిపడిపోతోంది."

ఆమె పోసింది. బద్ద కదల్లేదు.

దిమ్మ ఆరే దాకా ఆయన విప్పేసిన మొదటి బద్దను చేతిలో పట్టుకుని వంచడం, వదలడం, మళ్లీ వంచడం. "ఇన్ని కోతలు కోస్తే ముక్కలవ్వాలి కదయ్యా," అని మా తమ్మిని అడిగాడు. తమ్మి వెలుతురుకు అడ్డంగా పెట్టి పుల్లల మెలి చూపించాడు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశారు.

విప్పే పని ఆమెకే వదిలాం. ఆకు తాడు తీసింది, బద్ద కొస పట్టుకుని లాగింది. అరటి దొప్ప విచ్చుకున్నట్టు చుట్టూ తెరుచుకుంది. తడిగుడ్డ ఒలిచింది. దిమ్మ గుండ్రంగా నిలబడింది. అంచు ఎక్కడా చిట్లలేదు. గుడ్డలోంచి చీలికల జాడ పడి, దువ్వినట్టు సన్నటి గీతలు చుట్టూరా ఉన్నాయి. నేను వంగి వాసన చూశాను. బెల్లం వాసనే. కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాను.

హైదరాబాద్ దుకాణం వాళ్లు దాన్ని తీసుకున్నారు, ఆ గీతలు ఎలా వేశారని అడిగి మరీ తీసుకున్నారు. కానీ అది తర్వాతి మాట. ఆ రోజు ఆయనకు ఆ సంగతి తెలియదు, ఆమెకూ తెలియదు.

ఆయన గుమ్మడికాయ దిమ్మను పగలగొట్టి మా ముగ్గురి చేతుల్లో వేడి వేడి ముక్కలు పెట్టాడు. తర్వాత నాలుగడుగులు అవతలికి పోయి ఫోన్ తీశాడు. చిన్నగానే మాట్లాడాడు, అయినా పాకలో అందరికీ వినిపించింది.

"రేపు రావద్దులే... ఊహూఁ, నాట్లు కాదు. దుబ్బులు ఉంచుతున్నాం... ఆఁ, ఈ ఒక్క ఏడాదికే."

ఆమె అటు వీపు పెట్టి దిమ్మను తువ్వాల్లో చుడుతోంది. వెనక్కి తిరగలేదు. చేతులు మాత్రం ఒక్క క్షణం ఆగాయి. తర్వాత మూట ముడి బిగించి, పక్కన పెట్టి, మా తమ్మి వైపు చూసింది.

"ఇలాంటివి ఇంకెన్ని కోసివ్వగలరండీ?"